గంటాయన మణికట్టు దారం

మిల్లులో గంట కొట్టేవాడు కాబట్టి ఆయన్ని అందరూ గంటాయన అనేవాళ్లు. నాకు మాత్రం బాబాయి. క్వార్టర్సులో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. ఇరవై ఆరేళ్లు ఆ ఇత్తడి గంట కింద నిలబడి మమ్మల్ని పనిలోకి తోలాడు. ఒక్క దెబ్బకు షిఫ్టు మొదలు, రెండు దెబ్బలకు టీ, ఆపకుండా వాయిస్తే నిప్పంటుకున్నట్టు. మా ఇళ్లలో ఎవరైనా పోతే మూడు దెబ్బలు, బాగా ఎడంగా. అవి వినబడితే మిషన్ల దగ్గర ఎవరి గుండె వాళ్లు పట్టుకునేవాళ్లం.

అంత మోత నెత్తిమీదుంటే చెవులెన్నాళ్లుంటాయి? ఎప్పుడో పోయాయి. చెవుడని తెలిస్తే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఇల్లూ పోతుంది. అందుకని మొగుడూ పెళ్లాం కలిసి అందరి కళ్లూ కప్పారు. గడియారం చూసి గంట కొట్టేవాడు, ఎదుటివాళ్ల పెదాలు చూసి జవాబు చెప్పేవాడు. తప్పు చెబితే పరధ్యానం మనిషిలే అని నవ్వుకునేవాళ్లం. ఇదంతా పిన్ని పోయాకే నాకు తెలిసింది.

పిన్నికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఆడేది. మంచం పట్టెకు ఆయన ఒక చిన్న గంట కట్టాడు. అది మోగగానే లేచి లోపలికి పరుగెత్తేవాడు. "పెళ్లాం పిలిస్తే ఎలా లేస్తాడో చూడు, నువ్వూ ఉన్నావు!" అని మా ఆయన్ని దెప్పేదాన్ని. ఆ మోత మా చెవుల కోసమేనని నాకేం తెలుసు? గంటకు కట్టిన నూలుదారం రెండో కొస ఆయన మణికట్టుకుండేది. పిన్ని దారం లాగితే గంటా మోగేది, ఆయన చెయ్యీ కదిలేది.

ఆ ఆదివారం పొద్దున పదింటికి గంట మోగింది. కిటికీలోంచి చూశాను. బాబాయి గుమ్మంలో కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. మళ్లీ మోగింది. ఆగి ఆగి మోగుతూనే ఉంది. ఈ మనిషి లేవడేం అని విసుక్కున్నాను. పోట్లాడుకున్నారేమో, మనకెందుకులే అనుకుని కిటికీ వేసేసి బట్టలుతకడానికి పోయాను.

బట్టలారేసి వచ్చేసరికి ఆయన ఏడుపు వినిపించింది. పరుగెత్తి వెళ్లి చూస్తే పిన్ని మంచం మీంచి సగం జారి, తల కిందికి వేలాడి, ఊపిరాడక ప్రాణం పోయి ఉంది. దారం నేలమీద పడి ఉంది. చేతులు కడుక్కోవడానికి విప్పినవాడు మళ్లీ కట్టుకోవడం మర్చిపోయాడు.

మర్నాడు మూడు దెబ్బలూ తానే కొడతానన్నాడు. ఒక్కో దెబ్బకూ అరచెయ్యి గంటకు ఆనించి, వణుకు పూర్తిగా ఆగాకే ఇంకోటి కొట్టాడు. వెనకనుంచి మేనేజరు రెండుసార్లు పిలిచినా తల తిప్పలేదు. అప్పుడందరికీ అర్థమైంది. నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

సామాను కట్టడానికి సాయం వెళ్లాను. ఆయన చిన్న గంట పట్టుకుని నా పెదాల వంకే చూస్తూ అడిగాడు.

"అమ్మాయ్, గోడ పక్కనే ఉంటావు కదా. నిజం చెప్పు. ఆ రోజు మీ పిన్ని నన్ను పిలిచిందా?"

"లేదు బాబాయ్. అసలు మోగనే లేదు."

"అయితే తనకి తెలీకుండానే పోయిందన్నమాట," అని గట్టిగా ఊపిరి వదిలాడు. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

కిటికీ మూసింది ఆ చేతులే. వెనక్కి లాక్కోలేకపోయాను.