శనివారం నాటి బీపీ

2019 జూన్ ఒకటి, శనివారం. కారమడై పక్కన ఒక చిన్న క్లినిక్‌లో నర్సుగా నాకది ఇరవై ఏడో ఏడు. రైతు రంగసామన్న మొదటిసారి వచ్చింది ఆ రోజే. నడుము నూట ఎనిమిది సెంటీమీటర్లు. షుగరు, రక్తంలో కొవ్వు, బీపీ అన్నీ ఎక్కువే. ఇవన్నీ ఒక్కచోట చేరితే మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం. రక్తనాళాలు లోలోపల గట్టిపడతాయి. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఒక ప్లస్ వచ్చింది, అంటే కిడ్నీలోని సన్నని నాళాలు అప్పటికే కారుతున్నాయి. డాక్టరుగారు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఎనలాప్రిల్ రాశారు. అది బీపీని దించుతుంది, ఆ నాళాలనూ కాపాడుతుంది.

శనివారాలు ఎలాగూ రంగనాథర్ కోవెలకు వస్తారని, నెలకొక శనివారం క్లినిక్‌కూ రమ్మన్నాను. జూలై ఆరున బీపీ పై అంకె 172. మోతాదు పెంచారు. ఆగస్టు మూడున 176. మళ్ళీ పెంచారు.

ఆగస్టు ఆరు, మంగళవారం, కోడలు ఫోన్ చేసింది. తోటలో కళ్ళు తిరిగి పడిపోయారట. వెళ్ళి చూస్తే 94. ఇదే మోతాదు ఉంచితే మనిషి మళ్ళీ పడతాడు. మందు ఆపితే నాళాలు చెడతాయి.

జూలైలో ఇచ్చిన మాత్రల అట్టలు తెమ్మన్నాను. ఇరవై ఎనిమిది రోజులకు యాభై ఆరు ఇచ్చాను. ఎనిమిది మిగిలాయి.

"దినమూ వేసుకుంటానంటిరే, అన్నా?"

"వేసుకుంటా ఉండాను నర్సమ్మా. ఒక్కపొద్దు తప్ప. శుక్రవారం రాత్రి నుంచి శనివారం పొద్దుకూకేదాకా పచ్చినీళ్ళు ముట్టనివాణ్ణి, మాత్ర మింగుతానా?"

"ఉప్పు తగ్గిందని నన్ను తిట్టడానికి మాత్రం ఒక్కపొద్దు లేదు," అంది కోడలు.

నాలుగు శనివారాలు, వారానికి రెండు మాత్రలు. లెక్క సరిపోయింది. మందు పడని రోజే నేనాయన్ను పిలిచి కొలిచాను. ఆ అంకె చూసి పెంచిన మందు మిగతా రోజుల్లో ఆయన్ను పడగొట్టింది.

"ఒక్కపొద్దు మానను," అన్నారు.

"మానొద్దు. కోవెలలో తీర్థం పుచ్చుకుంటారు కదా? పొద్దుటి మాత్ర దాంతో మింగండి. శుక్రవారం రాత్రిది పొద్దుకూకక ముందే వేసుకోండి."

"అడిగి చెప్తా."

"ఎవరిని?"

"ఆయన్నే."

డాక్టరుగారు ఆ రోజే మోతాదును మొదటికి తెచ్చారు. శనివారం రంగసామన్న కోవెల నుంచి నేరుగా వచ్చి, "స్వామి వద్దనలేదు," అన్నారు.

డిసెంబరు నాలుగు, బుధవారం. బీపీ 126/78. ప్రోటీన్ ఉంటే రంగు మారే అల్బుమిన్ స్ట్రిప్ మూత్రంలో ముంచాను, మారలేదు. నమ్మక ఇంకొకటి ముంచాను. అదీ మారలేదు! రెండు స్ట్రిప్‌లూ చేత్తో పట్టుకుని డాక్టరుగారి గదికి పరుగెత్తాను.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా రిజిస్టరులో తేదీ పక్కన వారం కూడా రాశాను. "రోజూ వేసుకుంటున్నారా?" అని అడగడం మానేసి, "ఏ నాడు వేసుకోరు?" అని అడిగాను. అలా అడిగిన మొదటి రోజు, వరుసలో ముందున్నామె తడుముకోకుండా చెప్పింది:

"అమావాస్యనాడు."