వార్తల వెనక మోత

ఢిల్లీ సర్కారీ క్వార్టర్లన్నీ గాలించినా నేను ఇంట్లో చేసిన పవర్ సప్లై పెట్టె లాంటిది దొరికేది కాదు. నాబ్ తిప్పితే సున్నా నుంచి ముప్పై వోల్టుల దాకా మెత్తగా ఎక్కేది. మీటరు ముల్లు వణికేది కాదు. ఇంజనీర్లు వచ్చి చూసి దండం పెట్టి వెళ్లారు.

పన్నెండు దాటి ఎక్కలేదు లెండి. ముల్లు వణకకపోవడం అది ఇరుక్కుపోయినందువల్ల. వచ్చినవాడు ఒక్కడే, పక్క క్వార్టరు గుమాస్తా. అదీ స్క్రూడ్రైవరు కోసం.

అప్పటికి మా ఆవిడ మంచం దిగలేని స్థితిలో ఉంది. ఇక ఇంటికి తీసుకెళ్లమని డాక్టర్లు చెప్పేశారు. ఆర్.కె. పురం క్వార్టరులో ఆవిడకు మిగిలిన తోడల్లా దిండు పక్కన ట్రాన్సిస్టరు, అందులో పొద్దున వచ్చే తెలుగు వార్తలు. రోజంతా మోగుతూనే ఉండడంతో సెల్స్ ఊరికే నీరసించేవి. అందుకని రేడియోను ఇంటి కరెంటు మీదే నడిపిద్దామని ఎర్రకోట ఎదుటి బజారులో ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, వేడి లాగే అల్యూమినియం రెక్కలు కొనుక్కొచ్చి, నూనె డబ్బా రేకు మీద అన్నీ బిగించాను.

వోల్టేజీ సరిగ్గానే వచ్చింది. రేడియోకు తగిలిస్తే మాత్రం వార్తల వెనక తుమ్మెద దూరినట్టు ఒకటే మోత. మోతను అణిచే కెపాసిటరు చాలలేదనుకుని పెద్దది వేశాను. దాని పక్కన ఇంకొకటి వేశాను. ఎర్త్ మార్చాను. ట్రాన్స్‌ఫార్మరును దూరంగా జరిపాను. మోత అలాగే ఉంది. ఆవిడే రోజురోజుకీ చిక్కిపోతూ వచ్చింది.

ఒక పొద్దున కళ్లు మూసుకునే అంది: "ఏమండీ, స్టేషను లేనిచోట మోత లేదు. ఆయన వార్తలు చదువుతుంటేనే వస్తోంది. చూసుకున్నారా?"

చూసుకోలేదు. కెపాసిటరు చాలకపోతే స్టేషను ఉన్నా లేకున్నా మోగాలి కదా. ఇది డయోడ్ల దగ్గర పుట్టి, స్టేషను మీద ఎక్కి కూర్చుంటున్న మోత. ఒక్కో డయోడుకు అడ్డంగా గింజంత కెపాసిటరు అతికించాను. వార్తలు కడిగిన గాజులా వినిపించాయి. "అచ్ఛా, ఇప్పుడు బాగుంది" అని ఆవిడ నవ్వింది. ఆ వారంలోనే పోయింది.

ఇంతవరకూ రాసి మా అమ్మాయికి చదివి వినిపించాను. తెలుగు చదవడం దానికి రాదు, నన్ను పిలిచేది కూడా హిందీలో పాపా అనే. వాళ్లమ్మ పోయేనాటికి దానికి పదేళ్లు.

"పాపా, యే ఝూఠ్ హై, అంతా అబద్ధం" అంది. "అమ్మ నవ్వలేదు. రేడియో బంద్ చేసెయ్యమంది. పాపాని వచ్చి పక్కన కూర్చోమను అని నన్ను మీ దగ్గరికి పంపింది, ఎన్నిసార్లో. మీరు తల కూడా ఎత్తలేదు. 'ఏక్ మినట్' అన్నారు."