బోర్లించిన ప్లేట్లు

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్లో నా ప్రాణమంతా రెండు ప్లాస్టిక్ ప్లేట్ల మీదే ఉండేది. జెల్లీఫిష్‌లో పచ్చగా మెరిసే ప్రొటీన్ ఒకటుంది. దాని జన్యువును బాక్టీరియాలోకి ఎక్కించి, ఆ ప్రొటీన్‌ను బాక్టీరియా చేతే చేయించాలి. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ తుస్సుమంది. మూడోసారీ రాకపోతే ప్రాజెక్టు మార్చేద్దామని మా గైడ్ మేడం తేల్చి చెప్పేశారు.

మా కాలేజీ ఎల్‌బీ నగర్ సిగ్నల్ వెనక సందులో, టైర్ల షాపు పక్కన. ఆ శనివారం మూడోసారి పెట్టిన ప్లేట్లు చూసుకోవాలని వనస్థలిపురం నుంచి షేర్ ఆటోలో దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ వచ్చాను. వచ్చి ఇంక్యుబేటర్ తలుపు తీశాను. ప్లేట్లు వెల్లకిలా ఉన్నాయి!

బాక్టీరియా పెరిగే ప్లేట్లను ఎప్పుడూ బోర్లించే ఉంచుతాం. లేకపోతే మూతకు పట్టిన చెమ్మ కింద పడి, విడివిడి చుక్కల్లా పెరగాల్సినవి కలిసిపోతాయి. నావి అచ్చం అలాగే అయ్యాయి.

"ఎవరు ముట్టుకున్నారు వీటిని?" అని అరిచాను. నా నోరు ఎలాంటిదో మా ల్యాబంతటికీ తెలుసు.

ల్యాబు ఊడ్చే ఆయమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెది నల్గొండ దగ్గర పల్లె. "నేనే బిడ్డా. లోపల తుడుద్దామని తీసిన. బోర్ల వడ్డయనుకున్న. తిండి వెట్టిన పళ్ళెం ఎవరన్న బోర్లిస్తరా? సక్కగ వెట్టిన."

"నిన్నెవరు పెట్టమన్నారు? నా ఆరునెలల కష్టం మట్టిపాలు చేశావ్!" అన్నాను. ఆమె చీపురు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

అంతలో మేడం వచ్చారు. ప్లేట్లు చూసి నిట్టూర్చి, లైటార్పి, ఆ ప్రొటీన్‌ను మెరిపించే యూవీ దీపం కింద పెట్టారు. ప్లేటు ఆ అంచు నుంచి ఈ అంచు దాకా పచ్చగా వెలిగిపోయింది! నేను కెవ్వుమన్నాను. "చుక్కలు కలిసిపోతే ఏమైంది, ఇందులోంచే కొంచెం తీసి కొత్త ప్లేటు మీద గీసి పెంచుకో. నీ ప్రొటీన్ వచ్చేసింది," అన్నారు మేడం నవ్వుతూ. ఆనందంతో నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

పరుగున పోయి ఆయమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆమె ఒంగి చాలాసేపు చూసింది.

"గింత మంచిగున్నదేంది! అయితే నేను ఖరాబు చెయ్యలే?"

"లేదు ఆయమ్మా. ఒక్కరోజు పని పెరిగింది, అంతే."

"ఒక్కరోజు పనికి గంతగనం ఒర్లినవా బిడ్డా?"

మేడం అటు తిరిగి నవ్వు ఆపుకుంటున్నారు. ప్రొటీన్ల గురించి ఏమడిగినా గడగడా చెప్పేదాన్ని, ఆ చీకట్లో ఆయమ్మ చెయ్యి వదలకుండా, మాటలు తడుముకుంటూ తప్పయిపోయిందన్నాను.