బండి లేని హెల్మెట్

మా దొరస్వామి సారుకి బండి లేదు. సైకిలు కూడా లేదు. అయినా పొద్దున లైబ్రరీ తలుపు తీసినప్పటి నుంచి సాయంత్రం తాళం వేసేదాకా నెత్తిన హెల్మెట్ ఉండాల్సిందే. నగరి పక్కన మా ఊరి లైబ్రరీకి ఆయనే లైబ్రేరియన్, ఆయనే అటెండరు, ఆయనే వాచ్‌మన్.

"ఏం సార్, పుస్తకాలు వచ్చి గుద్దేస్తాయా?" అని మాతో చదువుకునే మురుగేష్ అడిగితే, "కాలం బాగలేదప్పా" అనేవారు.

భయమంటే అట్లాంటిట్లాంటి భయం కాదు. పైఆఫీసు నుంచి ఫోనొస్తే లేచి నిలబడి మాట్లాడతారు. కోతి వస్తే దానికి గది వదిలేసి మేమందరం బయటికి రావాల.

ఇంక ఆయన టేబులు సంగతి. మూలన దాని చుట్టూ సున్నంతో గీత గీసినారు. ఎవురూ దాటకూడదు. పుస్తకం వాపస్ ఇవ్వాలంటే గీత దగ్గర నేల మీద పెట్టాల, ఆయన గొడుగు వంకీతో లాక్కుంటారు. అంటురోగాల భయమని మేము తేల్చేసినాము. రోజూ బూజుకర్రతో పైకప్పంతా టకటకా కొడతారు. ఏంది సార్ అంటే, "బల్లులు పాపా" అంటారు. పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వుకునేవాళ్ళం.

నాకు మాత్రం ఆ లైబ్రరీనే దిక్కు. ఇంట్లో నాలుగు మరమగ్గాలు. నాయన ఆపితే తిండి లేదు, ఆపకపోతే ఆ చప్పుడుకి నా చదువు లేదు. డీఎస్సీ పరీక్ష ఇంక ఇరవై దినాలే ఉండాది. ఇప్పటికి రెండుసార్లు తప్పినాను. ఈసారీ పోతే నేనూ మగ్గం దగ్గరే.

ఆ వారం తుఫాను వాన మూడు దినాలు కొట్టింది. సారు మొహంలో నెత్తురు చుక్క లేదు. పైకి చూస్తారు, కిందికి చూస్తారు, మళ్ళీ పైకి చూస్తారు. నాకు కావాల్సిన గైడు ఆయన టేబులు మీద ఉండాది. ఆయన గొడుగు వెతుక్కుంటా ఉంటే విసుగొచ్చి గీత దాటేసినాను.

"పాపా!"

ఆ పిరికి మనిషి ఎగిరొచ్చి నన్ను ఒక్క తోపు తోసినారు. పోయి పేపర్ల బెంచీ కింద పడినాను. వెనకాల ధబేల్‌మని శబ్దం. గదంతా సున్నం దుమ్ము. "సార్! సార్!" అని అరుస్తా ఉండాను.

దుమ్ములోంచి దగ్గు వినిపించింది. పైకప్పు నుంచి చాటంత పెచ్చు రాలి హెల్మెట్ చీలింది. సారు తల మాత్రం భద్రం.

"ఇది పడుతుందని తెలుసా సార్?"

"ఏడాదిగా తెలుసు. పైఆఫీసుకి మూడు లెటర్లు రాసినా."

"మరి దీని కింద మీరెందుకు కూచున్నారు?"

"ఖాళీగా వదిలితే మీరెవురో ఒకరు కుర్చీ వేసుకుంటారు గదా. ఈ మూల ఒక్కటే డొల్ల. మిగతాది రోజూ కొట్టి చూస్తానే ఉండా."

"మాకు చెప్పొచ్చు గదా?"

"చెప్తే ఊరంతా తెలుస్తాది, తాళమేసేస్తారు. పరీక్ష ముందర మీరు యాడ చదువుతారు?"

"భయం వెయ్యలేదా సార్?"

"చచ్చేంత భయం పాపా. లేకుంటే ఈ ఉక్కలో హెల్మెట్ ఎవుడు పెట్టుకుంటాడు?"

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినాయి.

సాయంత్రానికే నాయన, మగ్గాలోళ్ళు మేస్త్రీని పిలుచుకొచ్చినారు. వదులుగా ఉండే పెచ్చులన్నీ రాల్చి, ఆ మూల కప్పు కింద ఇనప జాకీలు నిలబెట్టించినారు. మరుసటి దినం చదువుకునే ఆరుమందిమీ ఇండ్లలో ఉండే హెల్మెట్లు పెట్టుకొని, సారుకొక కొత్తది తీసుకొని వరసగా లోపలికి పోయినాము. చూసి మురిసిపోతారనుకున్నాము.

ఆయన మా తలకాయలు చూసినారు, పైకప్పు చూసినారు, గబుక్కున బూజుకర్ర అందుకున్నారు.

"అయ్యయ్యో! మీ పక్క కప్పు కూడా చీలిందా?"