శనివారం మాత్రమే కనిపించే నీళ్లు

నేను ఒక కొత్త రకం నీళ్లు కనిపెట్టానర్రా! నవ్వకండి, తొమ్మిది రోజులపాటు నిజంగానే కనిపెట్టాను. పదో రోజుకి పరువు పోయిందనుకోండి, అది వేరే విషయం. టీ తాగుతూ వినండి, చెప్తాను.

నా పీహెచ్‌డీ ఏంటో మీకు తెలుసుగా? "విమానమెక్కొచ్చి పిస్కాటవేలో పౌడర్లు కాలుస్తుంటుంది" అని మా రూమ్మేట్ అందరికీ చెప్తుంది. అదొక తెల్ల పౌడర్. చూడ్డానికి మైదాపిండే, కానీ లోపలంతా కంటికి కనపడనంత సన్న బొక్కలు. గాల్లో తేమ తగిలితే చాలు, పీల్చేస్తుంది. ఆ నీళ్లు లోపల ఎక్కడ దూరాయో చూడటం నా పని. పౌడర్‌ని గోరంత గొట్టంలో కూరి, పెద్ద మాగ్నెట్‌లో పెట్టి, సెకనుకి వేలసార్లు గిర్రున తిప్పుతాం. సాలిడ్-స్టేట్ ఎన్ఎమ్ఆర్ అంటే అదే. నీళ్లుంటే స్క్రీన్ మీద పీక్ లేస్తుంది, లేకపోతే గీత ఫ్లాట్.

వీక్‌డేస్‌లో ఆ మెషిన్ స్లాట్ దొరకదు. అందుకే నేను శనివారాలు బుక్ చేసుకుంటాను. పోయిన నెల ఒక శనివారం, ఓవెన్‌లో బాగా ఎండబెట్టిన పౌడర్ పెట్టాను. చుక్క నీళ్లు ఉండకూడదు. చూస్తే ఒక పీక్! సన్నగా, నిటారుగా, నన్నే చూస్తూ నిలబడింది. అదీ ఎక్కడ? బొక్కల్లో ఒంటరిగా చిక్కుకున్న నీటి అణువులు కనిపించే చోట!

ఒళ్లు ఝల్లుమంది. తర్వాతి శనివారం మళ్లీ కాల్చి, మళ్లీ నింపి చూశా. ఉంది! హెవీ వాటర్, అంటే ఈ మెషిన్‌కి కనపడని రకం నీళ్లు, పట్టించా. మామూలు నీళ్లయితే వాటి చోట ఇవి చేరి పీక్ పోవాలి. పోలేదు!

సాయంత్రం మా ప్రొఫెసర్‌కి వీడియో కాల్ చేసి చెప్తే ఆయన కుర్చీలోంచి లేచారు. "అంటే హెవీ వాటర్ కూడా చేరలేనంత లోతులో ఉన్నాయన్నమాట!" అన్నారు. అవునవును అన్నాను నేను. అది నీళ్లు కాదేమోనని ఇద్దరిలో ఒక్కరికైనా తట్టాలిగా? తట్టలేదు.

"ఈసారి కాన్ఫరెన్స్‌లో టాక్ నీదే. సోమవారం ఐదింటికి అబ్‌స్ట్రాక్ట్ పంపించేద్దాం" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. నాలుగేళ్లుగా పోస్టర్ పక్కన దిష్టిబొమ్మలా నిలబడటమే కానీ, మైక్ ముందు నిలబడింది లేదు. ఆదివారమంతా అద్దం ముందు "థాంక్యూ ఫర్ ద క్వశ్చన్" ప్రాక్టీస్ చేశాను.

సోమవారం పొద్దున, పంపే ముందు ఒకసారి వేరేవాళ్లు కూడా చేసి చూడాలని ప్రొఫెసర్ వేరే ల్యాబ్ వాళ్ల స్లాట్ అడుక్కుని ఆ పని శ్రీకాంత్‌కి అప్పజెప్పారు. మా ల్యాబ్‌మేట్, వరంగల్ అబ్బాయి. మధ్యాహ్నానికి వచ్చి, "అక్కా, నాకైతే ఏం వస్తలేదు. మొత్తం ఫ్లాట్ ఉన్నది" అన్నాడు.

"నీకు నింపడం రాదు!" అని ఒక్క మాట తగిలించాను.

"సరే, నువ్వు నింపు, నేను చూస్త."

గ్లవ్స్ వేసుకుని, డెమో ఇస్తున్న లెవెల్లో మొదలుపెట్టాను. పౌడర్ పోశాను, కూరాను, జడ ముందుకి పడితే వెనక్కి తోశాను, మూత అందుకున్నాను.

"ఆగాగు! గ్లవ్స్‌తోటి జడ ముట్టినవ్ కదా?"

"అయితే? నిన్ననే తలస్నానం చేశాను."

"మరి శనివారం?"

మూత కింద పెట్టేశాను. శనివారం ల్యాబ్‌లో ఎవరుంటారు, ఎవరు చూస్తారని తలకి బాగా కొబ్బరినూనె పట్టించి, అలాగే జడేసుకుని వచ్చేదాన్ని! ఆదివారం తలంటు. ఏళ్ల అలవాటు.

చలికి చేతులు పగలకుండా బ్యాగ్‌లో అదే నూనె చిన్న సీసాలో పెట్టుకుంటాను. కొత్త పౌడర్‌లో పిసరంత కలిపి మెషిన్‌లో పెట్టాం. లేచింది పీక్! అదే చోట, అంతే సన్నగా. ఓవెన్‌కి ఆవిరి కాకుండా, హెవీ వాటర్‌కి లొంగకుండా నన్ను ఊరించినవి నీళ్లు కావు, నా తల నూనె!

టైమ్ చూస్తే ఐదుకి పది నిమిషాలు. సిగ్గులేకుండా చెప్పేస్తున్నా, ఒక్క క్షణం నోరు మూసుకుందామనే అనిపించింది. శ్రీకాంత్ నా మొహంలోకి చూశాడు. పరిగెత్తాను.

"ప్రొఫెసర్, పంపకండి! అవి నీళ్లు కావు, నా జుట్టు నూనె!"

ఆయన స్క్రీన్ చూశారు, నన్ను చూశారు, నా జడ చూశారు. తర్వాత బల్ల మీద తల పెట్టి నవ్వారు చూడండీ, పక్క ఆఫీస్ వాళ్లు వచ్చేశారు! చివరికి కళ్లు తుడుచుకుని, "పంపకముందే వచ్చి చెప్పావ్, థాంక్స్" అని అబ్‌స్ట్రాక్ట్ డిలీట్ చేశారు. కారిడార్‌లోకి వచ్చి నేను మాత్రం ఏడ్చాను.

శుక్రవారం ఈమెయిల్ వచ్చింది. కొత్త స్టూడెంట్స్ ముందు అరగంట టాక్ ఇవ్వమని, టైటిల్ కూడా ఆయనే పెట్టారు: 'శాంపిల్ నింపేటప్పుడు చేయకూడనివి.' నాలుగేళ్లకి దొరికిన నా మొదటి టాక్! వెళ్లాను, మైక్ పట్టుకున్నాను, దంచేశాను. క్వశ్చన్స్ మాత్రం ముప్పావుగంట అడిగారు. నూనె వేడి చేసి రాస్తారా, వారానికి ఎన్నిసార్లు, నిజంగా జుట్టు రాలడం ఆగుతుందా...

నీళ్ల గురించి ఒక్కరడిగితే ఒట్టు!