గట్టిమేళం కోసం

మొన్నొక పెళ్లిలో అక్షింతలు పట్టుకుని నిలబడితే, చెమట పట్టిన అరచేతిలోంచి పసుపు వాసన వచ్చింది. సరోజత్త పెళ్లి గుర్తొచ్చింది.

అత్త మా నాన్న చెల్లెలు, టీచరు. తనతో పనిచేసే జాన్ మాస్టారిని చేసుకుంది. పెళ్లి నందిగామలో, తెల్లదొరలు కట్టించిన పాత బంగళా తోటలో. జగ్గయ్యపేట నుంచి నాన్న, అప్పటికి చిన్నపిల్లనైన నేను మాత్రమే బస్సులో వెళ్లాం. బయల్దేరేముందు నాయనమ్మ నా రుమాలు కొసన అక్షింతలు ముడివేసింది.

"నే రానులేవే. గట్టిమేళం మోగంగానే ఇవి అత్త మీద వెయ్యి. తాతయ్యకి చెప్పమాక," అంది.

పాపం, మోకాళ్ల నొప్పులనుకున్నాను.

తోటలో పందిరి లేదు. మామిడి చెట్ల నీడన నాలుగు కుర్చీలు, తెల్ల నేతచీరలో అత్త. ఇద్దరూ మల్లె దండలు మార్చుకున్నారు. అందరికీ నిమ్మరసం ఇచ్చారు. నేను మాత్రం రుమాలు ముడి విప్పేసి, గుప్పిట బిగించి, మేళగాళ్ల కోసం గేటు వైపే చూస్తున్నాను.

"ఏంటే ఆ గుప్పిట్లో?" అంది అత్త.

"అక్షింతలు. నాయనమ్మ ఇచ్చింది. మేళం ఇంకా రాలేదుగా!"

అత్త నా ముందు మట్టిలోనే కూర్చుని తల వంచింది. మాస్టారూ వచ్చి పక్కన కూర్చున్నారు.

"వెయ్యమ్మా," అన్నారు.

చేతికంటుకున్న గింజలు దులిపి దులిపి వేశాను. అత్త కళ్లు తుడుచుకుంటుంటే, గింజ కంట్లో పడిందని భయపడ్డాను.

ఇంటికొచ్చాక నాయనమ్మ పసుపంటిన నా అరచేతిని కళ్లకద్దుకుంది.

ఆవిడ ఆ పెళ్లికి రాలేదని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. నేనొప్పుకోను.