కారు కింద ఇనుప కడియం

మా ముత్తాత పర్చూరు పక్క ఊరికి మునసబు. మా తాతగారి ఎడ్లు బండలాగుడు పందేనికి దిగుతున్నాయంటే చుట్టుపక్కల ఊళ్ళలో పొగాకు కోతలు ఆగేవి. పందేనికి ముందు ఆయన గొలుసును కొస నుంచి కొసకు స్వయంగా వేళ్ళతో తడిమి చూసేవారు. "గొలుసు ఎప్పుడూ బండ దగ్గరే తెగుద్దిరా. తెగిందా, ఎద్దు కాళ్ళు పోతాయి" అనేవారు.

నా కాలానికి ఎడ్లు లేవు. కొట్టంలో నాన్నగారి పాత కారు మిగిలింది. రెండువేల సంవత్సరం దాటాక దానికి పెద్ద ఇంజను ఎక్కించి డ్రాగ్ రేసుకు సిద్ధం చేయించాను. రెండు కార్లు నిలబడ్డ చోటి నుంచి తిన్నగా దూసుకుపోవాలి, ముందు గీత దాటినవాడిదే గెలుపు. మా ఇంటిపేరు మళ్ళీ ఒక పందెంలో మైకులో వినబడాలన్నదే నా పట్టుదల.

నిబంధనలు కఠినం. క్లచ్, దాని పక్కన గిర్రున తిరిగే బరువైన చక్రం ఫ్లైవీలు పగిలితే ముక్కలు డ్రైవరు కాళ్ళలోకి దూసుకొస్తాయి కాబట్టి వాటి చుట్టూ మందపాటి ఉక్కు కవచం ఉండాలి. పోత ఇనుము ఫ్లైవీలు పనికిరాదు, ఉక్కుదే కావాలి. గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టు ఊడితే నేలను తాకకుండా ఆపేందుకు ఇనుప కడియం బిగించాలి. ఆ కడియాన్ని తాతగారి ఎడ్లబండి చక్రం పట్టాతో చేయించి, వెనక చక్రాల దగ్గర పెట్టమన్నాను. లాగే బరువు ఉండేది అక్కడే కదా.

ఒంగోలు మెకానిక్కు సాయిబు నవ్వాడు. "బాబుగారూ, ములుగర్ర కూడా పెట్టమంటారా?"

రేసు రాష్ట్ర సరిహద్దు అవతల, ఒక పాత రన్‌వే మీద. తనిఖీ చేసే ఆయన నెల్లూరు మనిషి. కారు కిందకి దూరి, అక్కడి నుంచే అరిచాడు.

"ఎవరయ్యా ఇది? మొలతాడు తెచ్చి మోకాలికి కట్టారు! షాఫ్టు ముందు కొస ఊడితే నేలలో గుచ్చుకుని బండిని పైకెత్తి పడేస్తది. కడియం గేర్‌బాక్సు పక్కనుండాల. మారుస్తారా, ఇంటికి పోతారా?"

మా ఇంటివాళ్ళతో ఎవరూ ఎప్పుడూ అలా మాట్లాడలేదు. సాయిబు స్పానరు పట్టుకుని నా ముఖంలోకి చూశాడు.

"ముందుకి మార్చు" అన్నాను.

పచ్చలైటు వెలిగింది. క్లచ్ వదిలాను. కారు ముందుకు ఉరికింది, అంతలోనే నా సీటు కింద క్వారీలో రాయి పగిలినట్టు చప్పుడు. ఇంజను అరుస్తోంది, చక్రాలకు లాగుడు లేదు. కారు దానంతటది దొర్లుకుంటూ పోయి ఆగింది.

దిగి, తారు మీద బోర్లా పడుకుని కిందకి చూశాను. షాఫ్టు ముందు కొస తెగిపోయింది. తెగిన కొస కడియంలో ఆనుకుని పొగలు కక్కుతోంది. గుంటూరుకు పత్తీ మిరపా మోసిన ఆ పట్టా మీద ఒక మెరిసే గీత పడింది, అంతే. కనీసం వంగలేదు. దానికి జానెడు పైన నేను కూర్చుని ఉన్నాను. చెయ్యి ఆనించబోతే సెగ కొట్టింది.

మైకులో మా ఇంటిపేరు వినబడింది, బండి ఆగిపోయిందని.

"లేవండి బాబుగారూ, జనం చూస్తున్నారు" అన్నాడు సాయిబు.

"చూడనీ" అన్నాను. లేవలేదు.

ఆ ఉక్కు ఫ్లైవీలూ కవచమూ కొనడానికే పర్చూరు రోడ్డు పక్క మిరప చేను అమ్మాను. మాకున్న ఆఖరి చేను అదే.